అప్‌డేట్: లేబుల్ మీద ‘రోజూ’ అని రాసిచ్చిన మందు గురించి

ముందు అడిగింది ఇదీ: కీళ్లవాతానికి మా పెద్దమ్మ వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌కు మందుల షాపువాళ్లు ‘రోజూ’ అని లేబుల్ అంటించారు. నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేర్చాం. బాధ్యత డాక్టరుదా, షాపుదా?

పెద్దమ్మ ఇప్పుడు బాగుంది. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారు, కౌంట్లు పెరిగాయి.

లాయరును కలిశాం. చీటీలో ‘వారానికోసారి’ అని స్పష్టంగా ఉంది కాబట్టి ప్రధానంగా షాపుదే బాధ్యత అన్నారు. లేబుల్ అంటించింది ఉద్యోగే అయినా, డ్యూటీలో చేసిన తప్పుకు యజమాని కూడా జవాబుదారీ.

అయితే తప్పు జరిగిందని చూపిస్తే సరిపోదు, హాని దానివల్లే జరిగిందనీ చూపించాలి. అసలు పేచీ ఇక్కడే. ఆమెకు ముందే కిడ్నీ సమస్య ఉందని అవతలివాళ్ల వాదన. ఈ మందు బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే, కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేం. కానీ పేషెంటు ముందే బలహీనంగా ఉన్నంత మాత్రాన తప్పు చేసినవాళ్లు తప్పించుకోలేరని లాయరు ధీమా. అందుకే పాత రక్తపరీక్షల రిపోర్టులు, ఆసుపత్రి రికార్డులు, లేబుల్ ఉన్న డబ్బా అన్నీ ఆయనకు ఇచ్చాం.

క్రిమినల్ కేసు పెట్టాలని అన్నయ్య పట్టు. మామూలు అజాగ్రత్తను దాటిన ఘోర నిర్లక్ష్యం నిరూపించాల్సి వస్తుందట, నాకైతే అంత ఓపిక లేదు. ప్రస్తుతానికి నష్టపరిహారం కోరుతూ నోటీసు పంపాం. గడువు దాటితే దావా చెల్లదు కాబట్టి, జవాబు రాకపోయినా ఆగకుండా కోర్టుకెళ్తాం.