నోటితో అన్నీ చెప్పే పిల్లవాడు పరీక్షలో ఎందుకు రాయలేకపోతున్నాడు?

గుంటూరు అమ్మ:
మా బాబుకు పదేళ్ళు, ఐదో తరగతి. వానాకాలం వస్తే పొద్దున్నే వాడికి కావలసింది జలాశయాల నీటి మట్టాలు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. శ్రీశైలానికి 12 గేట్లు, సాగర్‌కు 26, ప్రకాశం బ్యారేజీకి 70 అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎగువ నుంచి వదిలిన నీరు ఇక్కడికి ఎప్పటికి చేరుతుందో తాతయ్యతో వాదిస్తాడు. కానీ పేపరు తను చదవడు, తాతయ్యే చదివి వినిపించాలి. అది గారాబమనుకున్నాం.

మొన్న సాంఘిక శాస్త్రంలో 50కి 11 వచ్చాయి. కృష్ణా నది ప్రాజెక్టుల గురించి అడిగిన ప్రశ్నకు వాడు రాసింది రెండే మాటలు: 'నగర్జున సగర్'. 'తెలివి ఉంది, బద్ధకం ఎక్కువ' అని డైరీలో రాశారు. తల్లిదండ్రుల సమావేశంలో వాడి నోటుపుస్తకం అందరికీ ఎత్తి చూపించారు. నేను ఇంటికొచ్చి ఆ పేరే ఇరవైసార్లు రాయించాను. ఎనిమిదోసారీ దీర్ఘాలు లేవు. మర్నాడు తాతయ్య పేపరు తెరిస్తే, నీటి మట్టాలు వద్దన్నాడు.

బడివాళ్ళు మళ్ళీ ఐదులోనే ఉంచుదామంటున్నారు. ఇది నిజంగా బద్ధకమేనా?

హైదరాబాద్ నాన్న:
బద్ధకం కాదేమోనండి. మా పెద్దవాడి పుస్తకాల నిండా ఇలా దీర్ఘాలు రాలిపోయిన మాటలే ఉండేవి. ఏడో తరగతికి గానీ డిస్లెక్సియా అని తేలలేదు. అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం. వాడి తెలివే ఆ ఆలస్యానికి కారణం. పాఠాన్ని ఒక్కసారి విని, పుస్తకం పట్టుకుని చదువుతున్నట్టే అప్పజెప్పేవాడు. చిన్న తరగతుల్లో అలా గడిచిపోయింది. పాఠాలు పొడుగయ్యేసరికి దొరికిపోయాడు. అప్పటిదాకా మేము ట్యూషన్లు మార్చుతూ కూర్చున్నాం. ఆ ఏళ్ళు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత పిల్లల వైద్యుణ్ణి, క్లినికల్ సైకాలజిస్టును కలవండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా ఉంది. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, చెప్పింది రాసిపెట్టే మనిషిని (స్క్రైబ్‌ను) పెట్టుకోవచ్చు. అదే తరగతిలో మళ్ళీ కూర్చోబెడితే అదే పుస్తకంతో అదే యాతన. దయచేసి ఒప్పుకోకండి.

విశ్రాంత తెలుగు పండితురాలు:
అమ్మా, 31 ఏళ్ళు పాఠాలు చెప్పాను. 'మ' బదులు 'య', 'ఘ' బదులు 'ఝ', ఒక అక్షరం ఒత్తు పక్క అక్షరం కింద – ఇవన్నీ ఎర్రసిరాతో కొట్టేసినదాన్నే. ఒకే పిల్లవాడు అవే తప్పులు ఎందుకు చేస్తున్నాడని ఆలోచించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మన రాతలో తలకట్టు, గుడి పైన, ఒత్తు కింద, దీర్ఘం పక్కన. ఒక్క అక్షరానికే కన్ను అన్ని దిక్కులా తిరగాలి. కొందరు పిల్లలకు అది కొండ ఎక్కినట్టే.

మగపిల్లలే ఎక్కువగా మన కంట పడతారు. చదవలేక విసిగిన పిల్లవాడు పక్కవాణ్ణి గిల్లుతాడు, బెంచీ దిగి తిరుగుతాడు, దెబ్బలు తింటాడు. అదే కష్టమున్న ఆడపిల్ల తల వంచుకుని కూర్చుంటుంది, ఆమెను ఎవరూ పట్టించుకోరు. నా తరగతిలోనూ అదే జరిగింది.

ఇరవైసార్లు రాయించడం ఈరోజే ఆపు తల్లీ. అదే ప్రశ్నపత్రం నువ్వు చదివి వినిపించు. వాడు చెప్పింది చెప్పినట్టు రాయి. ఆ కాగితం బడికి తీసుకువెళ్ళు.

గుంటూరు అమ్మ:
ఆదివారం అలాగే చేశాను. మార్కులు మా ఆడపడుచు వేసింది, తనూ ఉపాధ్యాయురాలే. 50కి 43. ప్రాజెక్టుల ప్రశ్న దగ్గర నా చెయ్యి వాడి మాటను అందుకోలేక 'కాస్త ఆగు నాన్నా' అనవలసి వచ్చింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి క్లాస్ టీచరుకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, ప్రిన్సిపాలుతో తానే మాట్లాడతానన్నారు. ఇంకా ఏదీ తేలలేదు.

హైదరాబాద్‌లో వచ్చే బుధవారానికి డాక్టరు దగ్గర సమయం దొరికింది. మాచర్ల మీదుగా వెళ్తే సాగర్ తగులుతుంది, గేట్లు ఎత్తారో లేదో చూడాలి అన్నాడు బాబు. అటే వెళ్తున్నాం.