ఇంగ్లీషు క్రియలు పిల్లలకి తెలుగర్థంతో చెప్పొచ్చా, చెప్పకూడదా?

రావులపాలెం అమ్మ:
మా అమ్మాయి 7వ తరగతి. సీ, లుక్, వాచ్ మూడింటికీ నోటుబుక్కులో "చూచుట" అనే రాసుకుంది. "ఐ యామ్ సీయింగ్ టీవీ" అని రాస్తే మార్కు పోయింది. తెలుగే అడ్డమొస్తోందని నాకనిపిస్తోందండి. మీరేమంటారు?

గట్టుమీద మాస్టారు:
అడ్డమొచ్చింది తెలుగు కాదమ్మా, "చూచుట" అన్న ఒక్క ముక్క. మన మాటల్లో కనపడటం వేరు, చూడటం వేరు కదా. జొన్నాడ దాటి బ్రిడ్జి ఎక్కగానే గోదారి కనపడుతుంది, అది సీ. తల తిప్పి దానివైపు చూస్తాం, అది లుక్. పక్కన ఎట్ ఉండాలి. వరదొస్తే రాత్రంతా ఏటిగట్టు మీద కూర్చుని నీళ్లు ఎంతవరకొచ్చాయో కనిపెట్టుకుని ఉంటాం, అది వాచ్. వినపడితే హియర్, వింటే లిసన్.

రైజ్, రేజ్ కూడా అంతే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి పెరిగితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నీళ్లు వాటంతటవే పెరుగుతాయి, రైజ్. బ్యారేజీకి 175 గేట్లున్నాయి, వాటిని ఎవరో ఒకరు ఎత్తాలి, రేజ్. "వాటర్ లెవెల్ రేజ్డ్" అని రాసిన పిల్లాణ్ణి "నీళ్లు దేన్ని పెంచాయిరా?" అని అడగండి. తప్పెక్కడో వాడే చెప్తాడు.

ఆచంట కుర్రోడు:
మాస్టారూ, ఈ పద్ధతి అన్నిచోట్లా నిలవదండి. మా చేలో వరి పెరిగిందన్నా గ్రో, మేం వరి పండించామన్నా గ్రో. పైగా "నాకు చెప్పాడు" అన్న తెలుగులోంచే "హి సెడ్ మీ" పుడుతోంది. కాకినాడలో ఒక ఇంటర్వ్యూలో అదే మాట అన్నాను, అవతలాయన మొహం మారిపోవడం ఇప్పటికీ మర్చిపోలేదు. టెల్ వెంటనే మనిషి రావాలి. సే తర్వాత టు లేకుండా మనిషి రాకూడదు. ఈ తేడా తెలుగులో ఎక్కడ వెతకాలి? వాక్యాలకి వాక్యాలే నోటికి పట్టించాలి.

గట్టుమీద మాస్టారు:
గ్రో, సే విషయంలో ఒప్పుకుంటున్నా బాబూ. లై, లే కూడా నీ లెక్కలోనే వేసుకో. పడుకోవడం, పడుకోబెట్టడం అని అర్థం చెప్పగలను గానీ, లైకి భూతకాలం మళ్లీ లే అయ్యేసరికి నా తెలుగు అక్కరకు రాదు. అయినా మొదలుపెట్టేది తెలుగుతోనే అంటాను. పిల్లకి వచ్చిన భాషని గుమ్మం బయట నిలబెడితే ఇక మిగిలేది బట్టీయే.

రావులపాలెం అమ్మ:
రాత్రి కూర్చోబెట్టి మాస్టారు చెప్పినట్టే అడిగానండి. కనపడటం, చూడటం, కనిపెట్టుకుని ఉండటం, మూడూ తడుముకోకుండా చెప్పింది. "హి సెడ్ మీ" మాత్రం మళ్లీ రాసింది. ఆచంట బాబూ, సే, టెల్ వాక్యాలు ఓ పది రాసి పెడతావా?