‘మెలికలు తిరగడం’, ‘కణనాశకం’: వావిలాకు పరీక్షలకు ఏ మాటలు సరి?

తుమ్మెద: మొక్కల మందులను పరీక్షించే పద్ధతుల మీద తెలుగులో చిన్న వాచకం రాస్తున్నాం, ఉదాహరణకు వావిలాకు తీసుకున్నాం. ఎలుక పొట్టలో నొప్పి పుట్టించి, అది ఎన్నిసార్లు మెలికలు తిరిగిందో లెక్కించే రైథింగ్ టెస్టుకు ‘మెలికల పరీక్ష’, కణాలకు విషమయ్యేదాన్ని చెప్పే సైటోటాక్సిక్‌కు ‘కణనాశకం’ అని పెట్టాం. ‘సారం నొప్పిని 40 శాతం తగ్గించింది’ అన్న మచ్చు వాక్యం కూడా ఉంది. చూసి చెప్పండి.

కల్వం: మెలికలు ఉంచండి. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడంటాం కదా, ఇక్కడ పుట్టించేదీ పొట్టలో నొప్పే. కాకపోతే ఆ ప్రాణి చుట్టలు చుట్టుకోదు; పొట్ట బిగబట్టి, ఒళ్లు సాగదీసి, వెనక కాళ్లు చాస్తుంది. ఈ వర్ణన ఒకసారి ఇవ్వాలి, లేకపోతే చదివినవాళ్లు దేన్ని లెక్కపెట్టాలో తెలియక తికమకపడతారు. సగంలో ఆగిన మెలికలు రెంటిని ఒకటిగా లెక్కించేవాళ్లూ ఉన్నారు. మీరు ఏది పాటిస్తున్నారో రాయండి. ఇంకోటి, ‘ఎలుక’ కాదు, ‘చిట్టెలుక’. మోతాదులు మారిపోతాయి.

పద్ధతి ఇది: 20–25 గ్రాముల తెల్ల చిట్టెలుకలకు సారాన్ని కిలోకు 200 లేదా 400 మి.గ్రా. చొప్పున గొట్టంతో నోటి ద్వారా పట్టాలి. 30–45 నిమిషాలయ్యాక 0.7 శాతం ఎసిటిక్ యాసిడ్‌ను కిలోకు 10 మి.లీ. లెక్కన పొట్టకుహరంలోకి ఎక్కించాలి, అంటే 25 గ్రాముల దానికి పావు మి.లీ. 5 నిమిషాలు వదిలేసి, తర్వాతి 10 నిమిషాలు లెక్కించాలి. పోలికకు ఒక జట్టుకు నొప్పి మందు డైక్లోఫెనాక్, ఇంకో జట్టుకు సారం కలపని ఉత్త ద్రావకం. యాసిడ్ ఏరోజుకారోజు కలుపుకోవాలి. సూది పేగులో దిగితే ఆ ప్రాణి లెక్క పనికిరాదు. జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా వీటిలో ఏదీ మొదలుపెట్టకూడదు.

ఇక మీ 40 శాతం. ఉత్త జట్టు సగటు 40 మెలికలు, సారం జట్టు సగటు 24 అనుకుందాం. తగ్గినవి 16, అది 40లో 40 శాతం. తగ్గింది మెలికల సంఖ్య, నొప్పి అని తేలలేదు. సారం మత్తు కలిగించినా, కండరాలను వదులు చేసినా మెలికలు తగ్గుతాయి. అందుకే తిరిగే కడ్డీ మీద నిలబడగలుగుతోందో లేదో విడిగా చూస్తారు. 55 డిగ్రీల వేడిపలక పరీక్ష కూడా పెడతారు, పాదాలు కాలకుండా 15 సెకన్లకు తీసేస్తారు.

ఉప్పుకయ్య: ‘కణనాశకం’ దగ్గర నాకు పేచీ. మీరు చెప్పేది ఉప్పునీటి చిరుజీవులు చచ్చేది చూసే ఆర్టీమియా పరీక్షా, కణాలు బతికున్నాయో లేదో రంగుతో చూసే ఎంటీటీ పరీక్షా?

తుమ్మెద: రెండూ ఉన్నాయి. ఆర్టీమియాను ‘రొయ్యపిల్లలు’ అన్నాం.

ఉప్పుకయ్య: అది రొయ్య కాదండీ, రొయ్యపిల్లలకు మేత! కోస్తా హ్యాచరీల్లో అందరూ ఆర్టీమియా అనే అంటారు, అదే ఉంచండి. లీటరుకు 38 గ్రాముల సముద్రపు ఉప్పు కలిపి, గాలి, వెలుతురు ఇస్తే 24–48 గంటల్లో పొదుగుతాయి. వెలుతురు వైపు ఈదుకొచ్చేవాటినే పీల్చి, 5 మి.లీ. సీసాకు 10 చొప్పున వేసి, 24 గంటలకు చచ్చినవి లెక్కిస్తారు. సారాన్ని కరిగించడానికి వాడే డీఎంఎస్‌ఓ 1 శాతం దాటితే అదే చంపేస్తుంది. సారం కరగక అడుగున పేరుకుంటే రాసుకున్న మోతాదు అబద్ధమే. 1982లో మేయర్ బృందం సగం చచ్చే గాఢత మి.లీ.కు 1000 మైక్రోగ్రాముల లోపుంటే సారం పనిచేసినట్టు లెక్కగట్టింది. చచ్చింది ప్రాణి, మనం కణాన్ని చూడనేలేదు. దీనికి ‘ఆర్టీమియా మరణ పరీక్ష’ చాలు. పోలికకు వాడే క్యాన్సర్ మందు విన్‌క్రిస్టీన్ మాత్రం మన బిళ్ళగన్నేరుదే.

ఎంటీటీకి ‘కణవిషత్వం’ నయం. అక్కడ బతికున్న కణాలు పసుపు రంగును ఊదాగా మారుస్తాయి, ఆ రంగును 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. రంగు తగ్గితే కణాలు చచ్చి ఉండొచ్చు, విభజన మందగించీ ఉండొచ్చు. ‘నాశకం’ అంటే ముందే తీర్పు చెప్పినట్టు. పైగా ఆకుల్లోని పాలీఫినాల్స్ కణాలు లేకుండానే ఊదా రంగు తెప్పిస్తాయి, చచ్చినవీ బతికినట్టు కనిపిస్తాయి. సారం మాత్రమే ఉండి కణాలు లేని గుంటలు తప్పనిసరి.

తుమ్మెద: అయితే మచ్చు వాక్యం ఇలా: ‘వావిలి పసరు చిట్టెలుకల్లో ఎసిటిక్ యాసిడ్ తెచ్చే మెలికలను 40 శాతం తగ్గించింది.’

కల్వం: ‘పసరు’ తీసేయండి. పసరంటే పచ్చాకు నూరి పిండింది, కషాయమంటే నీళ్లలో కాచింది. మీది ఎండుటాకు పొడిని మెథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ఆవిరి పోగొట్టాక మిగిలిన ముద్ద. ‘మెథనాల్ సారం’ అని రాయండి.