చచ్చినవాడి కళ్ళు చారెడు: ఈ సామెత గురించి నాలుగు మాటలు

మొన్న మనం తెలుగు మాటల గురించి రాసుకునే ఈ గుంపులో ఒకరు "చచ్చినవాడి కళ్ళు చారెడు" అన్న సామెతకి అర్థం అడిగారు. పోయినవాళ్ళని లేనిపోని గొప్పలతో పొగడటం అని చాలామంది ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆ అర్థం తప్పు కాదు. కానీ ఈ సామెత మా ఇంట్లో ఒకరోజు నా చెవిన పడింది. ఆ తర్వాత దాన్ని అంత తేలిగ్గా వాడలేకపోతున్నాను. అందుకే విడిగా రాస్తున్నా. పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు మాట సంగతి. చారెడు అంటే అరచేతిని గుంటగా వంచితే అందులో పట్టినంత. కొందరు చేరెడు అంటారు, రెండూ ఒకటే. వేళ్ళు మూస్తే పిడికెడు, రెండు చేతులూ కలిపి పడితే దోసెడు, ఒక్క చెయ్యి తెరిచి వంచితే చారెడు. చివరనున్న "ఎడు" నిండుగా అంత అని చెప్పే ప్రత్యయం. జానెడు, మూరెడు, బారెడు, కుండెడు, గంపెడు, బండెడు, అన్నీ ఈ కుటుంబమే. ఒంటితోనో ఇంట్లో ఉన్న సామానుతోనో కొలుచుకున్న కాలం నాటి మాటలివి. వంటింట్లో ఇప్పటికీ బతికే ఉన్నాయి.

కళ్ళకి ఈ కొలత పెడితే అది మెచ్చుకోలు. "చారెడేసి కళ్ళు" అంటాం. అందులో "ఏసి" అంటే ఒక్కొక్కటీ అంత అని. రెండేసి, నాలుగేసి, మూరెడేసి జడలు అన్నట్టు. కాబట్టి సామెతలో ఉన్నది శవం కళ్ళు తెరుచుకుని పెద్దవిగా కనబడటం గురించి కాదు. ఒకరు అలా రాశారు గనక చెబుతున్నా. మనిషి పోయాక "ఎంత అందమైన కళ్ళమ్మా, చారెడేసి ఉండేవి" అని చెప్పుకోవడం గురించి. చచ్చిన బర్రె కుండెడు పాలిచ్చేదనే సామెత కూడా ఉంది, ఊరికో రకంగా చెబుతారు. దాని భావమూ ఇదే, అక్కడా కొలత "ఎడు"తోనే.

ఇక మా ఇంటి సంగతి. మాది తెనాలి దగ్గర పల్లె. మా మేనత్త, అంటే నాన్నకి అక్క, భర్త పోయాక 1979లో మా ఇంటికి వచ్చేసింది. 2017 కార్తీకంలో పోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆవిడా మా అమ్మా ఒకే వంటింట్లో ఉన్నారు. ఒకే వంటింట్లో ఆడపడుచూ మరదలూ ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉన్నారంటే మీకు వేరే చెప్పక్కర్లేదు. పెద్ద గొడవలేమీ లేవు, చిన్నవే. ఆవకాయ కలిపేటప్పుడు మా అత్త గిద్దా సోలా ఏదీ వాడేది కాదు. మెంతులు అరచేతిలోకి తీసుకుని "ఇదిగో చారెడు" అని వేసేది. అమ్మకి అది ఎక్కువనిపించేది. "వదినా, నీ చెయ్యి పెద్దది, చేదెక్కుతుంది" అనేది. ప్రతి వేసవిలోనూ ఇదే మాట, ఇదే జవాబు. ఆవకాయ ఎప్పుడూ చేదెక్కలేదు.

అత్త పోయిన రోజు శవం కాళ్ళ దగ్గర అమ్మ కూర్చుని వర్ణించి ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. "వదినా, నా పిల్లలకి పురుళ్ళు పోశావు కదే. నేను జ్వరంతో పడుకుంటే నాకు తల దువ్వావు కదే. పుట్టింటికి పోవాలనిపించకుండా చేశావు కదే వదినా. నీ చేతి కొలత ఇంక ఎవరికి వస్తుందే." ఒక్కొక్కటీ ఏళ్ళవారీగా, వరసగా, ఏదీ మర్చిపోకుండా చెప్పింది. అప్పుడే గడప దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ పక్కావిడతో నెమ్మదిగా అంది: "చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు. ఉన్నన్నాళ్ళూ చెయ్యి పెద్దదని సాధించింది."

ఆ మాట నన్ను కోసేసింది. అమ్మ అబద్ధం ఆడటం లేదు. ఆ జ్వరం నిజం, ఆ తల దువ్వడం నిజం. అత్త పోయాక అమ్మ కొత్తగా కల్పించింది ఏదీ లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అమ్మ లోపల ఇదంతా లెక్కగా రాసిపెట్టి ఉంది. వినాల్సిన మనిషి మాత్రం వినలేదు.

వర్ణించి ఏడవడం గురించి భాషాపరంగా ఎవరైనా బాగా రాయాలని నా కోరిక. మా వైపు "వర్ణించి ఏడ్చింది" అంటారు, "శోకాలు పెట్టింది" అని కూడా అంటారు. కరీంనగర్ నుంచి రాసే మిత్రురాలు తమ దగ్గర "శోకం పెట్టి ఏడ్చుడు" అంటారని చెప్పారు. మిగతా జిల్లాల మాటలు మీరు చెప్పండి. నేను గమనించింది ఏంటంటే, శోకంలో వాక్యాలన్నీ "నువ్వు"తో నడుస్తాయి. "ఆవిడ నాకు తల దువ్వింది" అనరు, "నాకు తల దువ్వావు కదే" అంటారు. చేసిన పని పేరు పెట్టి చెబుతారు, అది కూడా ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు. "నువ్వు చాలా మంచిదానివి" అన్న ఉత్త పొగడ్త శోకంలో దాదాపు వినబడదు. ఏ రోజు ఏం వండిపెట్టావు, ఏ రాత్రి ఎవరికోసం మేలుకున్నావు, ఏ పండక్కి ఏ చీర ఇచ్చావు, అవే ఉంటాయి. మన ఇళ్ళలో ఒక మనిషి ఇంకో మనిషితో ముఖాముఖి "నువ్వు నాకిది చేశావు, నాకు గుర్తుంది" అని ఇంత వివరంగా చెప్పే సందర్భం ఇంకొకటి నాకు తోచడం లేదు. అదీ వినే మనిషి లేనప్పుడు.

అంటే మనకి చెప్పడం రాదన్న మాట నిజం కాదు. "తెలుగువాళ్ళకి ప్రేమ చెప్పుకోవడం అలవాటు లేదు, మన భాషలో దానికి మాటల్లేవు" అని ఈ గుంపులోనే చాలాసార్లు చదివాను. మాటలున్నాయి. చదువుకోని ఆడవాళ్ళు కూడా ఆశువుగా గంటసేపు చెప్పగలిగినన్ని ఉన్నాయి. వాటిని ఒక్క రోజుకోసం దాచిపెట్టాం.

ఎందుకు దాచాం అంటే ముందు గుర్తొచ్చేది దిష్టి. ఎదుటే పొగిడితే దిష్టి తగులుతుంది, పిల్లల్ని పొగిడితే ఆయుక్షీణం అంటారు. అందుకే మా అమ్మమ్మ మెచ్చుకోవాలనిపిస్తే మాట అనేది కాదు, నా ముఖం చుట్టూ రెండు చేతులూ తిప్పి తన కణతలకి ఆనించి మెటికలు విరిచేది. పదీ ఫటఫటా విరిగితే ఆవిడ ముఖం వెలిగిపోయేది. అది ఆవిడ చెప్పిన మాటే అని ఇప్పుడు అనుకుంటాను. చిన్నప్పుడు మాత్రం అది నాకు మాటగా వినబడలేదు.

రెండోది మర్యాద. సంస్కృత శ్లోకం ఒకటి పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు: "ప్రత్యక్షే గురవః స్తుత్యాః, పరోక్షే మిత్రబాంధవాః". గురువులని ఎదుటే పొగడవచ్చు, స్నేహితుల్నీ బంధువుల్నీ చాటున పొగడాలి. రెండో పంక్తికి పాఠాంతరాలున్నాయి. పని ముగిశాక నౌకర్లని పొగడాలని, కొడుకుల్ని ఎప్పుడూ పొగడకూడదని, ఆడవాళ్ళని చనిపోయాక పొగడాలని చెప్పే పాఠం ఒకటుంది. ఆ చివరి మాట దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది. ఎన్ని తరాల భార్యలు, తల్లులు, అత్తలు ఈ నియమం కింద ఒక్క మంచి మాట వినకుండా వెళ్ళిపోయారో.

సుమతీ శతకంలో మనందరికీ నోటికొచ్చిన కందం కూడా ఇక్కడ చూడాలి:

పుత్రోత్సాహము తండ్రికి
పుత్రుడు జన్మించినపుడె పుట్టదు, జనులా
పుత్రుని గనుగొని పొగడగ
పుత్రోత్సాహంబు నాడు పొందుర సుమతీ!

బడిలో దీన్ని "కొడుకు మంచి పేరు తెచ్చుకోవాలి" అని చెప్పించుకున్నాం. ఇప్పుడు చదివితే నాకు ఇంకోటి కనబడుతుంది. పొగిడేది జనులు, ఉత్సాహం పొందేది తండ్రి. తండ్రి ఆ ఉత్సాహాన్ని కొడుకుతో పంచుకున్నాడా లేదా అన్నది పద్యంలో లేదు. మా నాన్న కూడా అంతే. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాడట. నాతో "జాగ్రత్తగా చేసుకో" అన్నాడు. ఊరంతా చెప్పాడన్న సంగతి ఆయన దినాలప్పుడు ఊరివాళ్ళు చెబితే తెలిసింది. ఆ రోజు వాళ్ళలో ఒకాయన కార్డు మీద "కీర్తిశేషులు" అన్న మాట చూపించి, ఇదెంత గొప్ప మాటమ్మా అన్నాడు. కీర్తి మాత్రమే మిగిలినవాడు అని దాని అర్థం. నాకైతే ఆ కీర్తి ఆయన చెవిన పడి ఉంటే బాగుండుననిపించింది.

మూడోది, మనం ఎంచుకునే వాక్యం. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అన్న వాక్యం అమ్మతో అనలేం. అది సినిమాలో హీరో హీరోయిన్ల వాక్యంగా స్థిరపడింది. ఇంట్లో అనుకునేది వేరే. నువ్వంటే ఇష్టం, నువ్వంటే ప్రాణం. ఈ "అంటే" ఎక్కడిదో చూడండి. అను అనే క్రియ నుంచి వచ్చింది. "నువ్వు" అని అంటే. ఎవరైనా నీ పేరెత్తితే నాకు ఇలా ఉంటుంది అని. అనడమన్నది ఆ వాక్యం లోపలే ఉంది. ఆపేక్ష, మమకారం, మక్కువ లాంటి నిండైన మాటలు కూడా మనకున్నాయి. సంస్కృతంలో అపేక్ష అంటే కోరడం, ఎదురుచూడటం. తెలుగులో అది ఆపేక్ష అయ్యి మనుషుల మీద ప్రేమకి మాటగా మారింది. "ఎంత ఆపేక్షగా పలకరించిందో" అంటాం. కానీ అది కూడా మూడో మనిషితోనే అంటాం.

ఇంకోటి కూడా ఉంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో అనడానికి మాటలు బోలెడు. నా తండ్రే, నా తల్లే, చల్లగా ఉండు, నీ కడుపు చల్లగా, నూరేళ్ళు బతుకు. మనవడిని తండ్రీ అని, మనవరాలిని అమ్మా అని పిలుస్తారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళతో అనడానికి ఇలాంటివి ఏమున్నాయి? కాళ్ళకి దణ్ణం పెట్టడం ఉంది. నోటితో అనేది ఏదైనా మీ ప్రాంతంలో ఉంటే తప్పకుండా రాయండి. నేను నిజంగా వెతుకుతున్నాను.

అత్త పోయాక ఒకసారి అమ్మని అడిగాను, "ఇవన్నీ అత్తతో ఎప్పుడైనా అన్నావా అమ్మా?" అని. "అనేదేముందే, తనకి తెలియదా?" అంది. కాసేపాగి, "తెలిసే ఉంటుందిలే" అంది. రెండోసారి అన్నప్పుడు ఆ గొంతులో ధీమా లేదు. ఆ తేడా నాకు ఇంకా వినబడుతూనే ఉంది.

అప్పటినుంచి అమ్మతో నేనైనా చెప్పాలని టెన్షన్ పట్టుకుంది. ఒకసారి ఫోన్‌లో "థ్యాంక్స్ అమ్మా, నువ్వు మాకోసం చాలా చేశావు" అన్నాను. "థ్యాంక్స్ ఏంటే, నేనేమన్నా పరాయిదాన్నా? ఒంట్లో బాగుందా నీకు?" అని కంగారుపడింది. ఆ మాట తనకి అందలేదు. తప్పు నాదే, ఆఫీసులో అనే వాక్యం అమ్మతో అన్నాను.

2020లో ఊరెళ్ళినప్పుడు ఇంకోలా చెప్పాను. శోకంలో చెప్పినట్టే, నువ్వు అని, పని పేరు పెట్టి. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని అన్నాను: "అమ్మా, నేను టెన్త్ చదివేటప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి నా పక్కన కూర్చునేదానివి. నీకు చదువు రాదు. కిరసనాయిలు దీపం వత్తి పెంచుతూ కూర్చునేదానివి. నువ్వు కూర్చోబట్టే నేను చదివాను. నాకు గుర్తుంది."

అమ్మ చెయ్యి ఆగింది. "అది గుర్తుందా నీకు?" అంది. నా వైపు చూడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. "గుర్తుంటుందనుకోలేదే" అంది. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నా చిన్నప్పటినుంచీ అమ్మ పక్కన నేను కూర్చున్న అన్ని గంటల్లోకీ అది మంచి గంట.

తర్వాత చేట పక్కకి పెట్టి చెప్పింది. "నేనెక్కడ లేచేదాన్నే నాలుగింటికి. పొద్దుగూకులూ చాకిరీతో ఒళ్ళు తెలిసేది కాదు. మీ అత్త వచ్చి నా కాలు తట్టి లేపేది. పిల్ల ఒక్కతీ చీకట్లో కూర్చుంది, లేచి పక్కన కూర్చోవే, నేను పొయ్యి చూసుకుంటా అనేది. రోజూ తనే లేపేది."

నా టెన్త్ అయ్యింది 1986లో. ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళు అత్త మా ఇంట్లోనే ఉంది. నేను సెలవులకి వెళ్ళిన ప్రతిసారీ నా సంచిలో ఆవకాయ జాడీ పెట్టి, మూతకి గుడ్డ కట్టి పంపించింది.