బ్రాంక్స్ ఆర్కిడ్ షోకి 12 మందిమి: రైలా, కారా?

ప్రశ్న: మార్చిలో ఓ శనివారం న్యూజెర్సీ ఎడిసన్ నుంచి న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ ఆర్కిడ్ పూల షోకి బయల్దేరుతున్నాం. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరు చంటిపిల్లలు. ఒకటే టెన్షన్!

జవాబు: పోయినేడు మేం రైల్లో వెళ్లామండీ. మాన్‌హాటన్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో మెట్రో-నార్త్ హార్లెం లైన్ లోకల్ రైలు ఎక్కితే దాదాపు 25 నిమిషాలు. స్టేషన్ పేరే బొటానికల్ గార్డెన్. కానీ ఎడిసన్ నుంచి మాన్‌హాటన్‌లో రైలు మారాలి, పెద్దావిడకి కారే నయం. షో టికెట్ మీద లోపలికెళ్లే టైముంటుంది, అందరికీ ఒకేసారి కొనండి. మేం విడివిడిగా కొని, సగంమంది లోపల, సగంమంది చలిలో! షో జరిగే అద్దాల ఇంట్లో ఉక్కపోత, కోట్లు మోయలేక చచ్చాం. నా కళ్లజోడంతా ఆవిరే.

మా అమ్మ కొమ్మకి కట్టిన వాండా అనే ఆర్కిడ్‌ని చూసి "బదనికకి టికెట్టా?" అంది. బదనిక చెట్టు రసం పీలుస్తుందమ్మా, ఇది ఊరికే పట్టుకుని వేలాడుతుందన్నాను. నమ్మలేదు. వెనిల్లా కూడా ఆర్కిడ్ తీగే అంటే మాత్రం ఆగి చూసింది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, కారే ఖాయం. పులిహోర తేవచ్చా?

జవాబు: అద్దాల ఇంట్లో మాత్రం డబ్బా తీయకండి. మేం రైల్లో తిన్నాం.