'ఎర్రాటా'కి తెలుగు ఏది: పాపమా, ముద్రారాక్షసమా, అచ్చుతప్పా?

ప్రశ్న:
డిగ్రీ పిల్లల కోసం అమెరికన్ రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలోంచి కొన్ని పేజీలు తెలుగు చేస్తున్నాను. జీవితంలో తను చేసిన తప్పుల్ని ఆయన 'ఎర్రాటా' అంటాడు, పుస్తకాల్లో దొర్లిన అచ్చుతప్పులకి వాడే మాట అది. మాట అందంగా ఉందని నేను 'ముద్రారాక్షసాలు' అని రాసుకున్నాను. మా కాలేజీలో సీనియర్ మేడమ్ ఒకరు చూసి, ఆ కాలపు బోస్టన్ అంటే అంతా భక్తి కదా, 'పాపాలు' అని రాసెయ్యండి, పిల్లలకి వెంటనే అర్థమవుతుంది అన్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు:
పాపం అని మాత్రం రాయకండి, దయచేసి. ఆయన కావాలని పక్కన పెట్టిన మాట అది.

ఫ్రాంక్లిన్ 1706లో బోస్టన్‌లో, ప్యూరిటన్లనే కఠిన నిష్ఠ గల క్రైస్తవుల మధ్యే పుట్టాడు. అక్కడి పిల్లలు దిద్దుకున్న న్యూ ఇంగ్లండ్ ప్రైమర్‌లో మొదటి అక్షరం 'ఎ'కి ఇచ్చిన వాక్యం, ఆదాము పతనంతో మనమందరం పాపం చేశాం అని. మన పిల్లలు అ అంటే అమ్మ అని మొదలుపెడితే వాళ్లు ఆదాముతో మొదలుపెట్టారు. అంటే అక్కడ పాపం ఒకరోజు చేసి మర్నాడు మానేసే పని కాదు, పుట్టుకతో వచ్చేది, ఎంత కడుక్కున్నా మనిషి చేతుల్లో పోనిది, దేవుడి కృప ఉంటేనే పోయేది, ఆ కృప ఎవరికో ఆయన ముందే నిర్ణయించేశాడు. 1741లో కనెక్టికట్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే మతబోధకుడు చేసిన ప్రసంగంలో, దేవుడు మనిషిని మంట మీద సాలీడుని పట్టుకున్నట్టు పట్టుకుని ఉంటాడు. ఆ చెయ్యి ఎప్పుడు వదులుతుందో తెలీదు.

ఫ్రాంక్లిన్ 12 ఏళ్లకే అన్న జేమ్స్ ప్రెస్సులో పనికి కుదిరాడు. రోజంతా సీసపు అక్షరాలు పేర్చిన చేతులవి. ఆ పనిలో తప్పు దొర్లితే పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేస్తారు, మళ్లీ అచ్చువేసేటప్పుడు దిద్దుతారు, అంతే. ఆయన జీవితాన్నీ అలాగే చూశాడు. ఆత్మకథ మొదట్లోనే, ఇదే బతుకు మళ్లీ మొదటినుంచి బతకమంటే నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే రెండో కూర్పులో తప్పులు దిద్దుకునే వీలు రచయితలకి ఉన్నట్టే నాకూ ఉంటే బాగుండు అంటాడు. హేతువుని నమ్మిన ఎన్‌లైటెన్‌మెంట్ కాలపు మనిషి మాట ఇది: తప్పు కనపడుతుంది, కనపడితే దిద్దవచ్చు, దిద్దేది మనమే.

వెర్నన్ అనే ఆయన తరఫున వసూలు చేసిన 35 పౌండ్ల సంగతి చూడండి. పరాయి సొమ్ము, ఫ్రాంక్లిన్ వాడేసుకున్నాడు, ఏళ్ల తరబడి టెన్షన్ పడ్డాడు, చివరికి అసలు, వడ్డీ, దాంతోపాటు కృతజ్ఞతలు కలిపి చెల్లించాడు. చెల్లించాక, ఆ 'ఎర్రాటా' కొంతవరకు దిద్దుకున్నట్టయింది అని రాశాడు. తెలుగు బైబిల్లో ప్రభువు నేర్పిన ప్రార్థన గుర్తుందా, 'మా ఋణములను క్షమించుము' అని? అక్కడ ఋణం క్షమాపణతో తీరుతుంది, ఫ్రాంక్లిన్ దగ్గర వడ్డీతో తీరుతుంది. 'పాపాలు' అని రాస్తే మీ పిల్లలకి ఈ తేడా అందదు.

ఇక ముద్రారాక్షసం. నాకూ ఇష్టమైన మాటే. ఇదే పేరున్న విశాఖదత్తుడి సంస్కృత నాటకంలో రాక్షసుడు నందుల మంత్రి, ముద్ర ఆయన ఉంగరానిది. మనవాళ్లు ఆ పేరు పట్టుకుని అచ్చులో దూరి అక్షరాలు మింగే రాక్షసుణ్ణి పుట్టించారు. చిక్కు అక్కడే ఉంది. ముద్రారాక్షసం అనగానే నేరం రాక్షసుడి మీదికి పోతుంది, రాసినవాడూ అచ్చువేసినవాడూ తప్పుకుంటారు. ఫ్రాంక్లిన్ తప్పుకోడు. అన్న కొట్టేవాడు, నిజమే, కానీ తనని పనికి కట్టేస్తూ రహస్యంగా రాసుకున్న ఒప్పందపత్రం అన్న బయటపెట్టలేడని తెలిసే తను ఆ బలహీనత మీద దెబ్బకొట్టి 1723లో ఫిలడెల్ఫియా వెళ్లిపోయానని, అది న్యాయం కాదని, తన మొదటి 'ఎర్రాటా'ల్లో అదొకటని తనే చెప్పుకుంటాడు. అందుకే నా ఓటు 'అచ్చుతప్పు'కి.

మళ్లీ ప్రశ్న:
అచ్చుతప్పు అంటే మరీ తేలిగ్గా లేదూ? డెబొరా రీడ్‌కి మాటిచ్చి, లండన్ నుంచి ఒకే ఒక్క ఉత్తరం రాసి ఆ అమ్మాయిని వదిలేయడం అచ్చుతప్పా?

జవాబు:
తేలిగ్గానే ఉంది. ఇంగ్లిష్‌లోనూ అలాగే ఉంటుంది, ఆ చదువరికీ అక్కడ గుచ్చుకుంటుంది. మీరు బరువైన మాట వేసి ఆ ముల్లు తీసేయకండి. 1730లో ఆమెని భార్యగా తెచ్చుకుని, ఆ పెద్ద తప్పుని చేతనైనంత దిద్దుకున్నాను అంటాడు. 'చేతనైనంత' అన్న ముక్క మాత్రం అనువాదంలో జారిపోకుండా చూడండి.

వీలైతే దీని పక్కన ఆన్ బ్రాడ్‌స్ట్రీట్‌ని చదివించండి. 1630లో మసాచుసెట్స్ వచ్చిన ప్యూరిటన్ కవయిత్రి. ఆవిడకి తెలియకుండానే ఆవిడ కవితలు 1650లో లండన్‌లో అచ్చయ్యాయి. తర్వాత ఆ పుస్తకాన్ని చిరుగు బట్టలతో వీధిలోకి వెళ్లిన బిడ్డలా చూస్తూ ఒక కవిత రాసింది. అందులో ఒక తల్లి బిడ్డ మొహం కడుగుతుంది, కడిగినకొద్దీ ఇంకా లోపాలు కనపడతాయి, మచ్చ రుద్దితే అక్కడ ఇంకో లోపం తేలుతుంది. ఇదీ అచ్చు గొడవే, కానీ ఇక్కడ రెండో కూర్పు మీద నమ్మకం లేదు.

ఫ్రాంక్లిన్‌కీ ఆ రుద్దుడు తప్పలేదు. 13 సద్గుణాల కోసం ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, ఎర్ర సిరాతో గళ్లు గీసి, తప్పు చేసినప్పుడల్లా నల్ల చుక్క పెట్టేవాడు. పాత చుక్కలు గీకి కొత్త చుక్కలు పెట్టీ పెట్టీ కాగితం చిల్లులు పడింది. అప్పుడాయన ఆ పట్టికని దంతపు పలకల మీదికి మార్చుకున్నాడు. గీతలు చెరగని ఎర్ర సిరాతో, చుక్కలు తడి స్పాంజితో తుడిస్తే పోయే పెన్సిల్‌తో.