పాత అచ్చులో కలఁడు, కలండు: ఆ అరసున్నను ఏం చేయాలె?

ప్రశ్న: 1890ల నాటి భాగవతం అచ్చుప్రతి చూసి బమ్మెర పోతన పద్యాలు టైపు చేస్తున్నం. పద్యం ఇట్ల ఉన్నది:

క. కలఁడందురుదీనులయెడఁగలఁడందురుపరమయోగిగణములపాలంగలఁడందురన్నిదిశలనుగలఁడుకలండనెడివాఁడుగలఁడోలేఁడో.

పాదాలు విడగొట్టలేదు. ఒకచోట కలఁడు, పక్కనే కలండు. అన్నీ ఒకే తీరుగ మార్చాలెనా?

జవాబు: మార్చకు తమ్మీ. తాటాకుల మీద పాదాలు విడగొట్టకుండా రాసేటోళ్లు, ఆ కాలపు అచ్చుల్లో చాలావాటికి అదే అలవాటు. మొదట్ల 'క.' ఉన్నదంటే కంద పద్యం. ప్రతి పాదంల రెండో అక్షరం ఒకటే కావాలె, ఇక్కడ అది ల. ఆ ప్రాస పట్టుకొని మాత్రలు లెక్కపెట్టు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు): 12, 20, 12, 20.

కలఁడందురు దీనులయెడఁ
గలఁడందురు పరమయోగిగణములపాలం
గలఁడందు రన్నిదిశలను
గలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో

ఇప్పుడు మొదటి పాదంల అరసున్నలను (ఁ) నిండుసున్నలు (ం) చేసి చూడు. 'కలండందురు దీనులయెడం' అయితది, 12 కాస్తా 14 అయితది. నాలుగో పాదంల కలండును కలఁడు చేస్తే 20కి 19 మిగుల్తయి. పోతన ఒక్క పాదంలనే రెండు రూపాలూ వాడింది అందుకే. నిండుసున్న ముందరి అక్షరాన్ని గురువు చేస్తది, అరసున్న చేయదు.

ఇంకా అందమైనది పాదాల చివర ఉన్నది. 'ఎడన్', 'పాలన్' రెండింటి చివరా ద్రుతమే, అంటే చివరి న్. రెండింటి తర్వాతా క, గ అయింది. కానీ మొదటి పాదంల లఘువే కావాలె కాబట్టి ఎడఁ. కందంల రెండో పాదం గురువుతోనే ముగియాలె కాబట్టి పాలం. న్ ఒక్కటే, కొలత అడిగిన తీరుగ రెండు రూపాలెత్తింది.

ఇంకొకరు: మన వరంగల్ దిక్కు మాటల్ల ఆ సున్న ఇంకా వినబడ్తది గదా అన్నా. ఏఁడుకు ఏండ్లు, వాఁడుకు వాండ్లు, అఁటకు అంట. బహువచనం పలికి చూసుకుంటే అరసున్న ఎక్కడున్నదో తెల్వదా?

జవాబు: చాలాసార్లు తెలుస్తది, కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఇల్లుకు ఇండ్లు, కన్నుకు కండ్లు అంటం. ఇల్లుల, కన్నుల అరసున్న లేదు. అనుమానమొస్తే బహుజనపల్లి సీతారామాచార్యుల నిఘంటువు శబ్దరత్నాకరం (1885) చూడుండ్రి. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. అరసున్న జారితే కొలత చెడదు, అర్థం చెడ్తది. అదే 1885ల నెల్లూరు నుంచి పూండ్ల రామకృష్ణయ్య 'అముద్రిత గ్రంథ చింతామణి' పత్రిక మొదలుపెట్టిండు. అప్పటిదాకా అచ్చుకెక్కని కావ్యాలు అందుల వచ్చినయి. అసువంటి పేజీలు ఎక్కించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలె, సరిచూసుకోను వేరే అచ్చు దొరకకపోవచ్చు.

టైపుల జరిగే తప్పు ఒకటే. స్కాన్‌ల అరసున్న సన్న గీత మాసిపోతది, లేదంటే చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నగనో బ్రాకెట్‌గనో పట్టుకుంటది. యూనికోడ్‌ల ఁ, ం వేర్వేరు అక్షరాలు. గుణింతం అయినంకనే ఁ కొట్టాలె. వాఁ కావాలంటే: వ, దీర్ఘం, ఆ తర్వాత ఁ.

ప్రశ్న: మరి పాత అచ్చుల కనబడే బండి ఱ?

జవాబు: దానికి మాత్రలతో పనిలేదు. కానీ ర, ఱ ప్రాస కలపకూడదన్నది పాత నియమం. ఉన్నది ఉన్నట్టే కొట్టు, ముఖ్యంగా రెండో అక్షరంల.